మొదటి తలపు

షకీలా మెట్లెక్కి వచ్చేసరికి హైమావతి ఒక ఉక్కు బొటనవేలికి మరలు విప్పుతోంది. ఒంగోలులో మోటార్ వైండింగ్ షాపు పైనున్న ఆ రెండు గదులకు కబురు చేయకుండా ఎవరూ రారు. వచ్చిన మనిషి గడప దగ్గరే ఆగి, బురఖా ముసుగు వెనక్కి తోసుకుని, సంచిలోంచి ఒక పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"చేతులు చేసేది మీరేనా అమ్మా?"

"అవునండీ. చెయ్యి ఎవరికి కావాలి?"

"ఎవరికీ వద్దు. మా ఆయన పేరు నాగూర్ మీరా. చీమకుర్తిలో రాళ్ళ కటింగులో చేస్తాడు. మీ చెయ్యి పెట్టుకుని ఏడు నెలలయింది. పోయిన మంగళవారం ఆ చేత్తో మా తమ్ముడి గొంతు నలిపి చంపేశాడు."

హైమావతి చేతిలోని మర జారి నేల మీద దొర్లుతూ పోయింది. కుర్చీ జరిపింది. షకీలా కూర్చోలేదు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎవరికో పదిసార్లు చెప్పి, పదకొండోసారి చెబుతున్నట్లు చెప్పుకుపోయింది.

"మధ్యాన్నం అన్నానికి కూర్చున్నాం ముగ్గురం. మా కరీముల్లా ఎగతాళి చేశాడు. బావా, ఈ చెయ్యి నీ మాట వింటదా, అక్క మాట వింటదా అని. అంతే. దినామూ ఆడుకునే మాటే. మా ఆయన మొహం ఒక్క రెప్పపాటు ఎర్రబడింది, మళ్ళా నవ్వేశాడు. నవ్వుతానే ఉన్నాడమ్మా. చెయ్యి మాత్రం పోయి వాడి గొంతు పట్టుకుంది."

"తర్వాత?"

"విడువు, విడువు అని ఆయనే అరిచాడు, ఆ చేతినే చూసి. ఎడంచేత్తో దాని వేళ్ళు పీకాడు. నేను పచ్చడిబండతో కొట్టా. వాడు గింజుకునే కొద్దీ బిగిసింది. లోపల ఏందో పెటుక్కుమంది. నోట్లోంచి నెత్తురు, తిన్న మెతుకులు కలిసి వచ్చినయ్యి. వాడి కాళ్ళు కొట్టుకోడం ఆగినాక, అప్పుడు విడిచింది."

ఆ తరువాత మీరా పెరట్లోకి వెళ్ళి, ఆ చేతిని బట్టలుతికే బండ మీద పెట్టి, ఎడమచేత్తో సమ్మెట ఎత్తి కొట్టుకున్నాడు. ఉక్కు వేళ్ళు చితికాయి. దాంతోపాటు మోచేతి కింద మిగిలిన ఎముక కూడా చితికింది. ఇరుగుపొరుగు వచ్చి పట్టుకునేసరికి స్పృహ లేదు. ఇప్పుడు ఒంగోలు పెద్దాసుపత్రిలో పోలీసు కాపలాలో ఉన్నాడు.

"చెయ్యి పోలీసులు పట్టుకుపోయారు. ఫోను సంగతి అడగలా. ఇందులో ఆయన మూడుసార్లు మీకు చెప్పుకున్నాడు. జవాబులు ఇంగ్లీషులో ఉండాయి. నాకు రాదు. చదివి చెప్పండి, ఎల్లిపోతా."

*

'పట్టు' అనేది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. చెయ్యి పోయినవాళ్ళ కోసం యంత్రపు చెయ్యి. బొమ్మలూ, కొలతలూ, దాన్ని నడిపే ప్రోగ్రామూ అన్నీ ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితం. ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. పదేళ్ళ కిందట ఫణిభూషణ్ మొదలుపెట్టాడు. రెండో ఏడు హైమావతి వచ్చి చేరింది. ఇప్పుడు నలభై దేశాల్లో వందలమంది దానికి పనిచేస్తారు, ఎవరికీ జీతం లేదు. ఒకరినొకరు చూసుకోకపోయినా ఫోరం అనే ఇంటర్నెట్ రచ్చబండలో రోజూ పోట్లాడుకుంటారు.

ఆ చేతికి పేరు తెచ్చింది హైమావతే. మొదటి రకం చేతులు మందకొడిగా ఉండేవి. జారుతున్న గ్లాసును పట్టుకునేలోపు గ్లాసు నేల మీద ఉండేది. మనిషి ఏ పని చేయాలన్నా నరాల్లో ముందొక తలపు పుడుతుందనీ, 'సరే' అనో 'వద్దు' అనో మనసు తేల్చుకునేది ఆ తరువాత పావు సెకనుకనీ ఆమె గమనించింది. ఆ తేల్చుకునేదాకా ఆగకుండా మొదటి తలపుకే కదిలేలా చేతికి నేర్పింది. ఆ చెయ్యి గాల్లో ఈగను పట్టింది. ఆ వీడియోను లక్షలమంది చూశారు.

పావు సెకను ఆగే పాత పద్ధతిని పూర్తిగా తీసేయలేదు. కావలసినవాళ్ళు పెట్టుకోవచ్చు. మామూలుగా మాత్రం ఉండదు. అలా ఉండకూడదని ఫోరంలో ఓటు వేసి తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళలో చాలామందికి రెండు చేతులూ ఉన్నాయి.

హైమావతి ఫోను అందుకుని మొదటి ఫిర్యాదు తెరిచింది. అది రికార్డు చేసి పంపిన గొంతు. మీరా గొంతు మెల్లగా, మొహమాటంగా ఉంది. "సార్, నమస్తే. చెయ్యి బాగానే ఉంది సార్. కోపమొచ్చినప్పుడు మాత్రం నా మాట వినట్లా. నిన్న మేకపిల్ల అన్నం కుండలో మూతి పెడితే అదిలిద్దామనుకున్నా. పట్టుకుని నలిపేసింది. కొంచెం చూడండి సార్." కింద ఎవరో రాసిన జవాబు. హైమావతి తెలుగులో చెప్పింది.

"ఫిర్యాదు ఇంగ్లీషులో రాయమన్నారు."

రెండోది. భార్య జబ్బ కమిలిందని, ఆపే మీట ఏదైనా ఉంటే చెప్పమని.

"మాన్యువల్ చదవకుండా అడగవద్దన్నారు. ఇంకొకాయన, ఉచితంగా ఇచ్చినదానికి వంకలు పెడతారా అన్నాడు."

మూడోది రెండు నిమిషాల గొంతు. హైమావతి అది నొక్కలేదు. దాన్ని ఇదివరకు తెరిచింది తనే. ఆ రోజు ఎదురుగా నూట నలభై ఫిర్యాదులున్నాయి. "సార్, భయంగా ఉంది" అన్నంతవరకు విని ఆపేసింది. కోపం తగ్గించుకోవడానికి కూడా ప్రోగ్రాం రాయమంటారు వీళ్ళు, అనుకోవడం గుర్తుంది.

"ఇదేం రాశారమ్మా?" అంది షకీలా.

"చెయ్యిలో లోపం లేదు. మనిషిలో ఉంది. ఫిర్యాదు మూసేశాను." హైమావతి తలెత్తింది. "ఇది రాసింది నేనే."

షకీలా సంచి భుజానికి తగిలించుకుంది. ఫోను మాత్రం తీసుకోలేదు. "మనిషిలో ఉందన్నమాట," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

చెయ్యి చేసిన ప్రతి కదలికా ఫోనులో నమోదవుతుంది. మధ్యాహ్నానికి హైమావతి మంగళవారం నాటి వరుసలన్నీ కాగితం మీదికి దించింది. ఒంటిగంటా పన్నెండు నిమిషాలకు మొదటి తలపు, పట్టు. పావు సెకను తిరక్కముందే రెండో తలపు, వద్దు. తరువాత విడువు. మళ్ళీ విడువు. డెబ్బై సెకన్లలో తొమ్మిదిసార్లు. చెయ్యి ఒక్కటీ లెక్కలోకి తీసుకోలేదు. పట్టుకున్న వస్తువు కదులుతుంటే జారిపోతోందని దానికి అర్థం. జారేదాన్ని ఇంకా బిగించాలని నేర్పిందీ హైమావతే. కరీముల్లా బతకడానికి గింజుకున్నాడు. చెయ్యి అతన్ని జారిపోనివ్వలేదు.

ఫణిభూషణ్ వచ్చి, నిలబడే ఆ కాగితాలు చదివాడు. యాభై దాటిన మనిషి, గీసుకోని గడ్డం, రెండు జేబుల్లోనూ పెన్నులు. ఫోరంలో అతను రాసే ఒక్క వాక్యానికి కొత్తగా చేరినవాళ్ళు వారంపాటు మళ్ళీ నోరెత్తరు.

"ఒక్క కేసు," అన్నాడు. "ఆ మనిషికి బావమరిది మీద పాత పగ ఉందేమో. నీకేం తెలుసు?"

"తొమ్మిదిసార్లు విడువన్నాడు ఫణీ."

"పట్టుకున్నాక అందరూ విడువనే అంటారు. ప్రోగ్రాం మార్చాలంటే అదే పొరపాటు మన కళ్ళ ముందు మళ్ళీ జరగాలి. అది నువ్వు పెట్టిన నియమమే." అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. "పట్టీ కట్టుకో. నా మణికట్టు పెడతాను. నీకు నామీద పగ లేదుగా. ఇది నన్నేం చేయదు. చూపిస్తాను."

బల్లకు బిగించిన యంత్రపు చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. నరాల పట్టీ ఎవరి ముంజేతికి కట్టుకుంటే అది వాళ్ళ చెయ్యవుతుంది. హైమావతికి ఇష్టం లేకపోయింది. కానీ మళ్ళీ జరగనిది లెక్కలోకి రాదని ఎనిమిదేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చింది. పట్టీ కట్టుకుంది. ఫణి తన కుడి మణికట్టును ఆ ఉక్కు వేళ్ళ మధ్య పెట్టాడు.

"ఇప్పుడు మామూలుగా మాట్లాడుకుందాం. ఫోరంలో ఇది పెడితే ఏమంటారో తెలుసా? మూడో ఫిర్యాదు మూసింది ఎవరంటారు. ఎంతసేపు విన్నావు?"

"కొంచెం."

"ఎంత?"

"ఆరు సెకన్లు."

"చూశావా. జనం మొహం చూడలేక కదూ ఈ గదిలో కూర్చున్నావు. మొగుడు నిన్ను భరించలేక వదిలిపోయాడని నువ్వే అన్నావోసారి. ఇప్పుడు ఒకడు చచ్చేసరికి—"

చెయ్యి మూసుకుంది.

హైమావతికి కోపం వచ్చిందని హైమావతికి ఇంకా తెలియదు. అనకూడని మాట అన్నానని అతని మొహంలో తెలుస్తోంది, ఆమె పోనీలే అనుకోబోతోంది. అప్పటికే ఉక్కు వేళ్ళు ఎముకను తాకాయి. ఫణి చెయ్యి గుంజుకున్నాడు.

"కదలకు, ఫణీ, కదలకు," అని ఆమె అరిచింది. విడువు, విడువు అని లోపల చెప్పుకుంది. నొప్పికి నిలవలేక అతను ఇంకా గుంజాడు. అతను గుంజిన కొద్దీ వేళ్ళు బిగిశాయి. పచ్చి చెరుకు విరిచినట్లు రెండుసార్లు చప్పుడైంది. చర్మం చిట్లి తెల్లగా ఎముక కొన బయటికి వచ్చింది. హైమావతి పట్టీ పీకి అవతల పారేసినా చెయ్యి విడువలేదు. చివరికి ఫణి మూర్ఛపోయి, బల్ల మీద తల వాల్చి, కదలడం మానేశాడు. అప్పుడు చెయ్యి మెత్తగా తెరుచుకుంది.

షాపులో పనివాళ్ళు పైకి వచ్చి అతన్ని ఆటోలో ఎక్కించారు. దారిలో తెలివి వచ్చింది. పెదవులు నల్లబడి ఉన్నాయి.

"మళ్ళీ జరిగింది," అన్నాడు. "రాసి పెట్టు."

*

అదే రోజు సాయంత్రం ఆమె రాసి పెట్టింది. పావు సెకను ఆగడం అందరికీ తప్పనిసరి చేయాలని, పట్టుకున్నది కదులుతున్నా విడువమంటే విడవాలని. శుక్రవారం పొద్దునకు మూడు వందల జవాబులు వచ్చాయి. చెయ్యి మళ్ళీ నత్తలా అవుతుందని ఒకరు. హంతకుడి కోసం ప్రోగ్రాం మారుస్తామా అని ఒకరు. ఇది భావోద్వేగంతో పెట్టిన ప్రతిపాదన అని, కొంతకాలం సెలవు తీసుకోమని మరొకరు. చీమకుర్తిలో వాడేవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు. వాళ్ళకు ఆ చోటు ఉందనే తెలియదు.

మార్పును అన్ని చేతులకూ పంపే తాళం ఫణి దగ్గరే ఉంది. ఆసుపత్రి మంచం మీద, మణికట్టులో ఉక్కు కడ్డీలతో, అతను తల అడ్డంగా ఊపాడు.

"పద్నాలుగు రోజులు చర్చ జరగాలి. తొందరపడి మారిస్తే వేడినూనె మూకుడు పట్టుకున్నవాడి చెయ్యి హఠాత్తుగా వదిలేస్తే? అప్పుడెవరు చూస్తారు?"

అది అబద్ధం కాదు.

"చీమకుర్తిలోనే ఇరవై ఆరు చేతులున్నాయి," అంది. "నేను పోయి ఒక్కొక్కటీ మారుస్తాను. దానికి నీ తాళం అక్కర్లేదు."

*

శనివారం పదిగంటలకు ఆమె బస్సు దిగేసరికే ఊళ్ళో గొడవ మొదలైంది. కరీముల్లా చావు తరువాత ఉక్కుచేతుల వాళ్ళను పనిలోకి రానివ్వకూడదని కొందరు పట్టుబట్టారు. శుక్రవారం ఇద్దరిని స్తంభానికి కట్టి చేతులు ఊడబీకారు. పట్టీలతోపాటు చర్మమూ ఊడింది. మిగిలినవాళ్ళలో చాలామంది భయపడి ఊరి చివర మూతబడిన పాలిషింగ్ షెడ్డులోకి చేరారు. ఆమె అక్కడికి వెళ్ళేసరికి షెడ్డు ముందు ముప్పై నలభై మంది కర్రలతో, గడ్డపారలతో నిలబడ్డారు. పోలీసు జీపు ఇంకా రాలేదు. వెనకవైపు విరిగిన రేకు సందులోంచి దూరి ఆమె లోపలికి వెళ్ళింది.

లోపల పద్దెనిమిది మంది. వాళ్ళ పెద్ద ఏసుపాదం, అరవై ఏళ్ళవాడు, రంపం కింద చెయ్యి పోగొట్టుకుని పన్నెండేళ్ళయింది. అతని ఎదురుగా ఉన్న గ్రానైట్ పలక మీద ఆమె తన ఫోను పెట్టింది.

"నేను ఈ చెయ్యి చేసినదాన్ని. కోపమొచ్చినా ఆగేలా మార్చడానికి వచ్చాను. ఒక్కొక్కరే రండి."

"అట్టా మార్చొచ్చా?" అన్నాడు ఏసుపాదం. "మాకెవరూ చెప్పలేదే."

"మొదటినుంచీ అందులోనే ఉంది పెద్దాయనా."

"యాడుంది?"

ఆమె చూపించింది. మోచెయ్యి చాచి, బొటనవేలి మొదట్లో మూడుసార్లు నొక్కాలి. మూడు సెకన్లలోపు నొక్కాలి. తరువాత ఫోనులో ఏడో తెర. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. ఆ పేరు పెట్టింది ఆమే, తనకు తప్ప ఎవరికీ అర్థం కాని పేరు. రాతిపొడి పట్టిన ఫోను తెర మీద, చెమట వేళ్ళతో, బయట కేకల మధ్య ఆమెకే రెండుసార్లు తప్పిపోయింది. ఒక్క చేతికి నాలుగు నిమిషాలు పట్టింది. ఏసుపాదం తన వంతు ఆఖరికి పెట్టుకుని కుర్రవాళ్ళను ముందుకు తోశాడు. ఎనిమిది మందికి మార్చేసరికి రేకుల మీద మొదటి రాయి పడింది.

"కోపం తెచ్చుకోకండి," అంది ఆమె. ఆ మాట ఎంత పనికిమాలినదో అంటుండగానే తెలిసింది.

తలుపు విరిగింది. ముందుగా లోపలికి దూకినవాడు గడ్డపారతో ఒకతని తల మీద కొట్టాడు. పుర్రె పగిలి మనిషి కూలిపోయాడు. పక్కనున్నవాడి ఉక్కుచెయ్యి వచ్చి గడ్డపార పట్టినవాడి జబ్బను అందుకుంది. వాడు గింజుకున్నాడు. చెయ్యి బిగిసింది. భుజం కీలు తప్పింది, కండ చిరిగింది, వాడి అరుపు షెడ్డంతా నిండింది. పట్టుకున్నవాడూ అరుస్తున్నాడు. "నేను కాదు, నేను పట్టుకోలేదు, ఎవరన్నా ఇడిపించండి." వాణ్ణి విడిపించడానికి వచ్చిన మరొకడి మెడను ఇంకో చెయ్యి పట్టింది.

హైమావతి పలక మీదికెక్కింది. "కదలొద్దు. పట్టుకున్నోళ్ళు లాగొద్దు, చిక్కినోళ్ళు గింజుకోవద్దు. శవంలా పడుండండి, అదే వదులుద్ది."

ఆమె మాట ఎవరికీ ఎక్కలేదు. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి గింజుకోవద్దంటే ఎవడు వింటాడు? ఎవరో ఆమె నడుం పట్టి కిందికి లాగారు. పడబోతూ ఆమె చెయ్యి చాచింది. పక్కనే తొక్కిసలాటలో ఏసుపాదాన్ని ఎవడో కర్రతో మూతి మీద కొట్టాడు. ముసలాయన కోపమంతా పోవలసిన చోటికి పోక, ఎదురుగా ఉన్న హైమావతి కుడిచేతిని అందుకుంది. ఆ చేతిలోనే ఫోను ఉంది. అద్దం ముక్కలై ఆమె అరచేతిలో దిగబడింది. రెండు వేళ్ళు ఫోనుతోపాటు నలిగాయి.

"అయ్యో తల్లీ," అన్నాడు ఏసుపాదం. "అయ్యో, ఇడువే, ఇడువు." తన చేతిని తనే ఎడమచేత్తో గుద్దుతున్నాడు.

"కొట్టొద్దు పెద్దాయనా. అట్టాగే ఉండు." ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. ఒళ్ళంతా ఆ చేతిని పీక్కోమంటోంది. పీక్కోలేదు. చేతిని చచ్చినదానిలా వదిలేసి లెక్కపెట్టింది. ఒకటి. ఎముక కదిలినట్లు తెలిసింది. రెండు. పక్కన ఎవరిదో గొంతు గురగురమని ఆగిపోయింది. మూడు. నాలుగు. ఉక్కు వేళ్ళు తెరుచుకున్నాయి.

ముసలాయన అది చూశాడు. రక్తం కారే నోటితోనే గొంతెత్తి, కటింగ్ మిషన్ల హోరులో ముప్పై ఏళ్ళు కేకలేసిన గొంతుతో అరిచాడు. "రేయ్, కదలబాకండిరా. అబ్బాయా, ఆ పిల్లోణ్ణి గుంజబాకు. పడుకోండిరా అందరూ, పడుకోండి." ఈసారి విన్నారు. ఒక్కొక్కరే నేల మీదికి ఒరిగారు, పట్టుకున్నవాడూ చిక్కినవాడూ పక్కపక్కనే, కావలించుకున్నట్లు. చేతులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. పోలీసులు వచ్చేసరికి షెడ్డులో యాభై మంది రాతిపొడిలో కదలకుండా పడుకుని ఉన్నారు. వాళ్ళలో ముగ్గురు మళ్ళీ లేవలేదు.

*

ఆ సాయంత్రమే ఫణి ఎవరినీ అడగకుండా, ఎడమచేత్తో మార్పును అన్ని చేతులకూ పంపేశాడు. ఎందుకు పంపాడో ఫోరంలో రాయలేదు. నియమం తప్పాడని రెండు వందలమంది ప్రాజెక్టు వదిలిపోయారు. ఇంకెవరో పాత ప్రోగ్రాంను వేరే పేరుతో మళ్ళీ పెట్టుకున్నారు. అది ఎవరూ ఆపలేనిది. ఓపెన్ సోర్స్ అంటే అంతే.

హైమావతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తీసేశారు. మూడు వారాల్లో పోలీసులకు రెండుసార్లు వాంగ్మూలం ఇచ్చింది. మంగళవారం నాటి వరుసలు ఇచ్చింది. చేతికి ఆ పని నేర్పింది తనేనని, ఫిర్యాదు మూసింది తనేనని రాసి సంతకం చేసింది, వంకరటింకరగా. ఆ కాగితాలతో మీరాకు బెయిల్ రావచ్చని వకీలు అన్నాడు. మీరా మాత్రం వకీలుకు కేసు అప్పగించే వకాలత్ కాగితం మీద వేలిముద్ర వేయనన్నాడు. అందుకే హైమావతి షకీలా దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి ఆసుపత్రికి రమ్మని అడిగింది. షకీలా అప్పటిదాకా భర్తను చూడలేదు.

ఖైదీల వార్డులో కిటికీ పక్క మంచం. మీరా కుడిచెయ్యి ఇప్పుడు భుజం కిందివరకే మిగిలింది. ఎడమచేతికి బేడీ వేసి మంచం కడ్డీకి తగిలించారు. చిక్కి సగమయ్యాడు. పళ్ళెంలో అన్నం ఎండిపోయి ఉంది. కానిస్టేబుల్ గుమ్మం లోపలివైపు స్టూలు మీద కూర్చున్నాడు.

హైమావతి కాగితం తీసి, ఒక్కో వరుసా తెలుగులో చదివింది. "నువ్వు తొమ్మిదిసార్లు విడువన్నావు మీరా. చెయ్యి వినలేదు. చంపింది నువ్వు కాదు."

"పైన ఇంకోటి ఉందిగా అమ్మా. అది చదవండి."

ఆమె కాగితం మడిచింది.

"పట్టు. అదేగా? అది ఎవరన్నారు, నేనేగా. ముందు అనుకున్నది నేనేగా. అనుకోకపోతే అది ఎందుకు పోద్ది?"

"అందరికీ అట్లాంటి తలపులు వస్తాయి. రోజుకి ఎన్నోసార్లు. అవి వచ్చినట్లు కూడా తెలియదు మనకి. నేను ఫణి చెయ్యి విరిచాను. ఎనిమిదేళ్ళుగా ఎరిగిన మనిషి."

"మీకు సదువుంది. మీరు అట్టా అనుకోగలరు. నాకు వాడి మొహమే కనపడతాంది." అతను గోడ వైపు తిరిగాడు.

అప్పటిదాకా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్న షకీలా ముందుకు వచ్చింది. బురఖా ముసుగు తీసింది.

"ఇటు తిరుగు," అంది.

అతను తిరగలేదు.

"తిరగమంటున్నానా. కరీముల్లా మొహం కడసారి చూసేటప్పుడు వాడి మెడ మీద ఐదు మరకలు చూశా. అప్పుడు నిన్నే అనుకున్నా. నువ్వు ఆడ ఉంటే నీ గొంతు నులిమి చంపుదునని. నిజంగానే అనుకున్నా. నా చేతులు లేచినయ్యి కూడా. నిన్న కూడా అనుకున్నా. ఇప్పుడు మెట్లెక్కతా కూడా అనుకున్నా."

మీరా తల తిప్పి ఆమెను చూశాడు.

"నావి మామూలు చేతులు," అంది షకీలా. "అంతే తేడా."

అతని గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. బేడీ కడ్డీకి కొట్టుకుంది. కానిస్టేబుల్ లేచి చూసి మళ్ళీ కూర్చున్నాడు. షకీలా ఏడవనిచ్చింది. అతను ఆగాక పళ్ళెంలోని ఎండిన అన్నం కిటికీలోంచి కాకులకు విదిల్చి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. పప్పూ అన్నం కలిపి తెచ్చింది. ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది.

"తమ్ముడి సంగతి నేను మర్చిపోలేను," అంది. "మర్చిపోమని నువ్వు అడగబాకు. నోరు తెరువు."

అతను నోరు తెరిచాడు. హైమావతి వకాలత్ కాగితమూ సిరా డబ్బీ మంచం పక్క పెట్టి, మూడు వేళ్ళ చేత్తో తలుపు దగ్గరగా వేసి, బయట బల్ల మీద కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి షకీలా కానిస్టేబుల్‌ను పిలిచి, వేలిముద్ర వేయాలి, ఒక్క నిమిషం ఆ బేడీ తీయమని అడగడం వినిపించింది.